అల్లం నిమ్మ టీ: నిమ్మరసం పొయ్యి దించాకే

మాది గూడూరు దగ్గర పల్లె. పెరట్లోనే నిమ్మచెట్లు ఉన్నాయి కాబట్టి సాయంత్రమైతే మా ఇంట్లో పాల టీ కంటే ఈ టీనే ఎక్కువ. చాలామంది చేదొస్తుందని దీన్ని మానేస్తారు. అల్లం, తేయాకు, నిమ్మ అన్నీ ఒకేసారి గిన్నెలో పడేసి మరిగిస్తే చేదు రాక ఏమవుతుంది? అల్లం బాగా మరగాలి, తేయాకు కాసేపు నానితే చాలు, నిమ్మకు మంట తగలనే కూడదు.

ఇద్దరికి మూడు టీ గ్లాసుల నీళ్లు పెట్టుకోండి, మరిగేసరికి రెండున్నరకు దిగుతాయి. అల్లం అంగుళం ముక్క. ముదురు అల్లమే తీసుకోండి, ఘాటంతా అందులోనే ఉంటుంది. లేత అల్లం పచ్చడికి ఉంచుకోండి. మట్టి పోయేలా కడిగితే చాలు, తొక్క తీయక్కర్లేదు. చిన్న రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీలో ముద్ద చేస్తే టీ మడ్డిగా తయారవుతుంది, ఎంత వడకట్టినా గొంతులో గరగరలాడుతుంది. చల్లటి నీళ్లలోనే అల్లం వేసి పొయ్యి మీద పెట్టి, మరుగు వచ్చాక సిమ్‌లో ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. అల్లం లేని రోజు పావు చెంచా శొంఠిపొడి వేయండి. దాని కారం ఎక్కువ, చెయ్యి జారనివ్వకండి.

ఇప్పుడు పొయ్యి ఆపేసి అర చెంచా తేయాకు వేసి మూత పెట్టండి. రెండు నిమిషాలు చాలు, డస్ట్ టీ అయితే ఒక్క నిమిషం. వడకట్టి బెల్లం తరుగు గానీ పంచదార గానీ కలపండి. తేనె వేసుకునేవాళ్లు టీ కాస్త చల్లారనివ్వండి.

ఇక నిమ్మకాయ. తొక్క పలుచగా, నున్నగా ఉండి, చేతిలోకి తీసుకుంటే బరువు తెలియాలి. మార్కెట్లో పెద్ద కాయ చూసి మోసపోవద్దు, తొక్క మందమైతే రసం ఉండదు. కోసే ముందు అరచేత్తో అదిమి బండ మీద నాలుగుసార్లు దొర్లించండి. ఇద్దరికీ కలిపి ఒక చెక్క సరిపోతుంది. గ్లాసుల్లో పోసిన టీలోకే పిండండి, గింజలు పడనివ్వకండి, తొక్క నలిగేదాకా పిండకండి. చేదు ఆ రెండింటిలోనే ఉంది. రసం పడగానే ముదురు రంగు టీ తేటపడి తేనె రంగుకు తిరుగుతుంది. పిల్లలకు ఆ వింత చూపించండి, పులుపు వల్ల రంగు మారుతుందని చెప్పండి.

పక్కన ఉల్లిపాయ కలిపిన బొరుగులో, వేయించిన వేరుశనగపప్పులో ఉంటే బాగుంటుంది. పాలకోవా లాంటివి దీనికి నప్పవు. గుండెలో మంట ఉన్నవాళ్లు పరగడుపున తాగకండి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవాళ్లు రోజూ అల్లం తాగే ముందు డాక్టరుని అడగాలి.

చుట్టాలొస్తే అల్లం నీళ్లు ఎక్కువే మరిగించి ఫ్లాస్కులో పోసి ఉంచండి. తేయాకు, నిమ్మ మాత్రం ఎవరి గ్లాసుకు వాళ్లకు అప్పటికప్పుడే.