ఫ్లాష్ ఫొటోలో ఎర్రబడిన కళ్లు: సమస్య - పరిష్కారం

వెలుతురు తక్కువున్న గదిలో తీసిన ఫొటోలో కళ్లు నిప్పుకణికల్లా కనిపిస్తే కెమెరా పాడైందని టెన్షన్ పడక్కర్లేదు. ఎండలో 2-3 మిల్లీమీటర్లుండే కంటిపాప చీకట్లో 7-8 దాకా విచ్చుకుంటుంది. ఫ్లాష్ మెరిసే క్షణంలో అది ముడుచుకునేంత వ్యవధి ఉండదు. వెలుగు లోపలికి వెళ్లి, రక్తనాళాలు నిండిన వెనుక పొరల మీద పడి ఎర్రగా తిరిగొస్తుంది. ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటే ఆ ఎరుపు నేరుగా లెన్స్‌లోకే వస్తుంది. ఫోన్లు, చిన్న కెమెరాల్లో ఈ గొడవ ఎక్కువగా ఉండేది అందుకే.

ఎడిటింగ్‌లో మన పని ఎరుపును తీసేయడం, కంటిని నలుపుతో పూడ్చేయడం కాదు. కింద చెప్పిన ఇబ్బందుల్లో చాలావరకు ఈ తేడా మరిచిపోతే వచ్చేవే. పని మొదలుపెట్టే ముందు ఫైల్‌కు ఒక కాపీ తీసుకోండి. ఫొటోషాప్‌లో అయితే కంట్రోల్ జె నొక్కి, డూప్లికేట్ లేయర్ మీద పని చేయండి.

టూల్ వాడినా ఎరుపు పోవడం లేదు

ఫొటోషాప్‌లో రెడ్ ఐ టూల్, స్పాట్ హీలింగ్ బ్రష్ ఉన్న చోటే దాగి ఉంటుంది. ఆ బటన్‌ను నొక్కి పట్టుకుంటే బయటికొస్తుంది. గ్రూప్ ఫొటోల్లో ముఖాలు చిన్నవి కాబట్టి దూరం నుంచి క్లిక్ చేస్తే గురి తప్పుతుంది. 200 శాతం దాకా జూమ్ చేయండి. అప్పటికీ పోకపోతే క్లిక్ మానేసి, కంటి చుట్టూ చిన్న పెట్టెలా డ్రాగ్ చేయండి. కుదరకపోతే అన్‌డూ చేసి మళ్లీ ప్రయత్నించాలి గానీ, చేసిన చోటే మళ్లీ మళ్లీ నొక్కకూడదు.

ఫ్లాష్ మరీ గట్టిగా పడితే కంటిపాప ఎరుపు దాటి గులాబీ రంగులోకో నారింజలోకో పోతుంది. టూల్ వెతికేది ఎరుపును కాబట్టి దానికి ఏమీ దొరకదు. ఇక్కడ చేత్తో చేయడమే మేలు. కంటిపాపను గుండ్రంగా సెలెక్ట్ చేసి, అంచును ఒకటి రెండు పిక్సెల్స్ మెత్తబరచండి. రంగులు సరిచేసే హ్యూ/శాచురేషన్‌లో శాచురేషన్‌ను (రంగు గాఢతను) పూర్తిగా తగ్గించి, లైట్‌నెస్‌ను కూడా కొంత కిందికి దించండి. నిమిషం పని. నిజం చెప్పాలంటే ముఖం పెద్దగా కనిపించే పోర్ట్రెయిట్లలో టూల్ కన్నా ఈ పద్ధతే నమ్మకం.

ఎరుపు పోయింది, కానీ చూపులో జీవం లేదు

రెడ్ ఐ టూల్‌లో ఎంత నల్లబరచాలో చెప్పే డార్కెన్ అమౌంట్ ఎక్కువైంది. మొదట 50 శాతం ఉంటుంది, దాన్ని తగ్గించి చూడండి. కంట్లో ఉండాల్సిన తెల్లటి మెరుపు చుక్క కూడా ఎరుపుతో పాటు పోయి ఉంటే, కొత్త లేయర్ మీద మెత్తని చిన్న బ్రష్‌తో తెల్ల చుక్క పెట్టండి. వెలిగింది ఒకే ఫ్లాష్ కాబట్టి రెండు కళ్లలోనూ చుక్క ఒకే వైపున ఉండాలి. కుడి కంట్లో కుడి పక్కన, ఎడమ కంట్లో ఎడమ పక్కన పెడితే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడాగా అనిపిస్తుంది.

కంటిపాప బూడిదరంగులోకి మారింది

బ్రష్‌ను కలర్ మోడ్‌లో పెట్టి నలుపు పూసి ఉంటారు. ఆ మోడ్ రంగును మారుస్తుందే తప్ప వెలుగును ముట్టుకోదు. దాని మీద, ముదురు చేసే బర్న్ టూల్‌ను తక్కువ ఎక్స్‌పోజర్‌తో రెండు మూడు సార్లు తిప్పితే సరిపోతుంది. మెరుపు చుక్కను మాత్రం తప్పించండి.

చుట్టూ ఉన్న గోధుమ రంగు వలయం కూడా నల్లబడింది

రెడ్ ఐ టూల్‌లోనే ఉండే ప్యూపిల్ సైజ్ తగ్గించండి.

పెదవులు, ఎర్ర చొక్కా కూడా వెలిసిపోయాయి

ఇది గింప్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు తరచూ ఎదురవుతుంది. ఫిల్టర్స్ మెనూలో ఎన్‌హాన్స్ కింద ఉండే రెడ్ ఐ రిమూవల్, సెలెక్షన్ లేకపోతే ఫొటోలో ఉన్న ఎరుపు మొత్తం మీద పడుతుంది. ముందు కళ్లను సెలెక్ట్ చేసి, ఆ తర్వాతే ఫిల్టర్ తెరవండి. ఎంత ఎరుపును పట్టుకోవాలో చెప్పే థ్రెషోల్డ్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ చూడండి.

కుక్క, పిల్లి కళ్లు పచ్చగా మెరుస్తున్నాయి

వాటి రెటీనా వెనుక వెలుగును తిప్పికొట్టే ప్రత్యేకమైన పొర ఉంటుంది. అందుకే ఆకుపచ్చగానో పసుపుగానో మెరుస్తాయి, ఎరుపు కోసం చేసిన టూల్ వాటిని పట్టించుకోదు. లైట్‌రూమ్ క్లాసిక్ అనే మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి పెట్ ఐ అని వేరే ఆప్షన్ ఉంది. మెరుపు చుక్కను అదే పెట్టగలదు కూడా.

ఒక కంట్లో ఎరుపు, ఇంకో కంట్లో తెలుపు

దీన్ని ఎడిట్ చేసి మరిచిపోకండి. చూపు పక్కకు ఉన్నప్పుడు వెలుగు లోపలి నరం మొదలయ్యే చోట పడి, ఏ జబ్బూ లేకుండానే తెల్లగా కనిపించవచ్చు. కానీ పసిపిల్లల ఫొటోల్లో అదే కన్ను పదేపదే తెల్లగా వస్తుంటే శుక్లమో, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సరో కారణం కావచ్చు. ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్‌కు చూపించాలి. ఎడిట్ చేయని ఫొటోలనే వెంట తీసుకెళ్లండి.

ఈసారి తీసేటప్పుడే రాకుండా

గదిలో లైట్లన్నీ వేయండి, కంటిపాప దానంతటదే చిన్నదవుతుంది. విడి ఫ్లాష్ ఉంటే పైకప్పు వైపు తిప్పండి. కెమెరాలో రెడ్ ఐ రిడక్షన్ ఆన్ చేస్తే అసలు ఫ్లాష్‌కు ముందే ఇంకో వెలుగు వచ్చి కంటిపాపను ముడుచుకునేలా చేస్తుంది. ఫొటో అయిపోయిందనుకుని జనం ఆ మొదటి వెలుగుకే కదిలిపోతారు, రెండోది వచ్చేదాకా ఆగమని ముందే చెప్పండి.