చన్నీళ్ల డైవింగ్‌కి ఒక ఫ్లాస్కు
కాలిఫోర్నియాలో మాంటెరీ బ్రేక్‌వాటర్ (అలల్ని ఆపే రాతి గోడ) దగ్గర డైవింగ్‌కి వెళ్తున్నారా? పైన ఎండ చూసి మోసపోకండి, ఎండాకాలంలోనూ అక్కడి నీళ్లు 10 నుంచి 15 డిగ్రీలే. 7 మిల్లీమీటర్ల మందం వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు డ్రెస్సు), తలకి హుడ్ తప్పవు. వాటితో పాటు ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు పట్టుకెళ్లండి. దిగేముందు గ్లోవ్స్‌లో, బూట్లలో కాసిని పోసుకుంటే మొదటి చన్నీళ్లు జివ్వుమనిపించవు. మరిగే నీళ్లు కాదండోయ్!

వేళ్లు కొంకర్లు పోకపోతేనే టార్చి నిలకడగా పట్టుకోగలం. రాళ్ల సందు ముందు పీత డిప్పలు, ఆల్చిప్పలు కుప్పగా కనిపిస్తే అక్కడే ఆగండి. అది చాలాసార్లు ఆక్టోపస్ తినేసి పారేసిన ఎంగిలి. వెలుగు నేరుగా కొట్టకుండా పక్కకి వేసి, కదలకుండా ఉండండి. ఒక్కోసారి ముందు కన్ను, తర్వాత గుండ్రటి బొడిపెలున్న చెయ్యి మెల్లగా బయటికొస్తాయి.