బూట్ డిస్క్ కనపడట్లేదా? ‘యస్’ నొక్కొద్దు

గాలివానలకు కరెంటు పోతూ వస్తూ ఉండే రోజులు. పోయిన వారం మాకు తెలిసిన ఒక ఆడిట్ ఆఫీసులో కరెంటు వచ్చాక సర్వర్ ఆన్ చేస్తే నల్ల తెర మీద ‘నో బూట్ డివైస్ ఫౌండ్’, అంటే సిస్టమ్ మొదలవడానికి కావాల్సిన డిస్కు దొరకలేదని. అక్కడి కుర్రాడు కంగారులో రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి) మెనూలోకి వెళ్లి, ‘ఫారిన్ కాన్ఫిగ్’ (డిస్కుల మీద ముందే ఉన్న రెయిడ్ వివరాలు) కనిపిస్తే క్లియర్ కొట్టి, అవే డిస్కులతో కొత్త అరే (డిస్కుల గుంపు) చేసి, ఇనిషియలైజ్ (ఖాళీ చేసి కొత్తగా సిద్ధం) చేయాలా అంటే యస్ అన్నాడు. ఆరేళ్ల లెక్కలు పోయాయి, బ్యాకప్ కూడా అందులోనే డీ డ్రైవ్‌లో ఉంది. డిస్కులకేమీ కాలేదు, వాటికి వెళ్లే కేబుల్ వదులైంది, అంతే.

ముందే చేసుకోవాల్సినవి: బయాస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) సెట్టింగులు ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకోండి. బూట్ మోడ్ (సిస్టమ్ మొదలయ్యే పద్ధతి) కొత్తదైన యూఈఎఫ్‌ఐనా పాతదైన లెగసీనా, శాటా మోడ్ (బోర్డు డిస్కులతో మాట్లాడే తీరు) ఏహెచ్‌సీఐనా రెయిడ్డా, ఇవి తప్పకుండా కనపడాలి. ఎందుకంటే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ, మూడు వోల్టుల బిళ్ల, అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా ఇవి మొదటికొస్తాయి, డిస్కు బాగున్నా బూట్ కాదు. తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటే ముందు దాన్నే అనుమానించండి. ఏ స్లాట్‌లో ఏ సీరియల్ నంబరో రాసి అంటించండి. లినక్స్‌లో రెండు డిస్కుల మిర్రర్ (రెండింటిలోనూ ఒకే డేటా) అయితే రెండోదాని మీద కూడా బూట్‌లోడర్ (సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) ఉందో లేదో చూడండి, చాలామందికి ఉండదు.

తీరా ఆగిపోయాక: బయాస్‌కి డిస్కు కనపడుతోందా? కనపడకపోతే పవర్ తీసి కేబుల్, స్లాట్ చూడండి. కనపడుతుంటే బూట్ ఆర్డర్, మోడ్ చూడండి. ‘గ్రబ్ రెస్క్యూ’ అని వస్తే గ్రబ్ అనే లినక్స్ బూట్‌లోడర్ ఉన్న డిస్కు దొరికినట్టే.

ఎవరో మర్చిపోయిన పెన్‌డ్రైవ్ పీకండి. తెరపై వచ్చిన ప్రతిదీ ఫొటో తీయండి. డిస్కు టక్ టక్ మంటుంటే ఆపేయండి, మళ్లీ ఆన్ చేయొద్దు. స్లాట్లు మార్చొద్దు. చెక్‌డిస్క్ (డిస్కులో తప్పులు దిద్దే విండోస్ ప్రోగ్రామ్) నడపొద్దు. రెయిడ్ డిస్కుని ఇంకో విండోస్ సిస్టమ్‌కి తగిలిస్తే ‘ఇనిషియలైజ్ డిస్క్’ అని అడుగుతుంది, క్యాన్సిల్ కొట్టండి. ఫారిన్ కాన్ఫిగ్‌కి క్లియర్ కాదు, ఇంపోర్ట్ (ఆ వివరాలను తిరిగి తీసుకోవడం). అదీ ప్రివ్యూలో డిస్కులన్నీ లెక్కకు వచ్చాకే, ఎప్పుడో ముందే రెయిడ్‌లోంచి తప్పుకున్న పాత డిస్కు వాటిలో లేదని తేల్చుకున్నాకే. ఓనర్ పక్కన నిలబడి ఎంతసేపని అడుగుతుంటాడు, ఆ టెన్షన్‌లో వేలు యస్ మీదికే పోతుంది. నొక్కొద్దు. డిస్కులకు నకలు తీసేదాకా దేనికీ యస్ నొక్కొద్దు.