పందిట్లో గిటార్ పట్టుకునే ముందు: ఆంప్ కొనేవాళ్ళకు జాగ్రత్తలు

చవితి ఇరవై రోజులుందనగా నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, గిటారుకీ గొంతుకీ కలిపి ఒకటే ఆంప్ కొందామనుకుంటున్నా. ఎన్ని వాట్లది తీసుకోమంటావ్?" ఆంప్ అంటే గిటారునీ గొంతునీ పెద్దగా వినిపించే స్పీకర్ పెట్టె. అడిగేవాడు మారతాడు గానీ ప్రశ్న మారదు. నేనూ ఎప్పుడూ ఒకటే అడుగుతాను: "ఎక్కడ పాడతావ్ తమ్ముడూ? అక్కడ కరెంటు ఎలా వస్తుంది?"

మన సీజన్ చవితితో ఆగదు. తొమ్మిది రోజుల పందిళ్ళు, దసరా, వెంటనే కార్తీక వనభోజనాలు, మధ్యలో పెళ్ళిళ్ళ సంగీత్‌లు. సగం వానలో, సగం వాన వెలిసిన బురదలో. కోస్తాలో అయితే అక్టోబరు, నవంబరు తుఫాన్లు సరేసరి. చవితి పందిట్లో కరెంటు ఉంటుంది, దాన్ని నమ్మలేం. మామిడితోటలో వనభోజనం దగ్గర అసలు ప్లగ్గే ఉండదు. రెండు చోట్లా పనికొచ్చే పెట్టె కావాలంటే ముందు బ్యాటరీ చూడాలి, తర్వాత వెనక ఉన్న ఇన్‌పుట్లు, అంటే గిటారూ మైకూ గుచ్చే కన్నాలు చూడాలి. వాట్లు చివర్లో.

ముందు ఆ వాట్ల భ్రమ వదిలించుకుందాం. వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు, 3 డెసిబెల్సే పెరుగుతుంది. 30 వాట్ల పెట్టెకీ 60 వాట్ల పెట్టెకీ పక్కపక్కన పెట్టి వింటే తేడా కాస్తే. అదే ఆరుబయట, వినేవాడు పది అడుగుల నుంచి ఇరవై అడుగులకి జరిగితే 6 డెసిబెల్స్ పడిపోతుంది. అంటే డబ్బు పోసి కొన్న అదనపు వాట్ల కన్నా, పెట్టెని జనానికి దగ్గరగా జరపడం ఎక్కువ పని చేస్తుంది. అట్టపెట్టె మీద పీఎంపీఓ అనో పీక్ అనో వందలూ వేలూ రాసి ఉంటే, అది క్షణకాలం ఇవ్వగలదని చెప్పుకునే అంకె, పట్టించుకోకండి. ఆర్ఎంఎస్ ఎంతో, అంటే ఆగకుండా ఇచ్చే వాట్లు ఎన్నో అడగండి. యాభై అరవై మంది కూర్చునే వనభోజనానికి 30 నుంచి 60 వాట్ల మంచి పెట్టె చాలు. వీధంతా వినపడాలంటే అది మైక్‌సెట్టు వాళ్ళ పని, మన పెట్టె పని కాదు.

ఇక బ్యాటరీ. నాలుగేళ్ళ కిందట మా అపార్ట్‌మెంట్ పందిట్లో నేను పడ్డ అవమానం చెప్తాను. కమిటీ వాళ్ళ దగ్గర చక్రాల స్పీకర్ పెట్టె ఒకటుంది. పోయినేడాది నిమజ్జనం రోజు వాడి, అలాగే స్టోర్ రూంలో పడేశారు. రాత్రంతా చార్జింగ్ పెడితే పచ్చలైటు వెలిగింది. నాకింకేం టెన్షన్ అనుకున్నా. రెండో పాట చరణంలో పెట్టె ఠక్కున ఆగిపోయింది. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన "ఏం బాబూ, పెట్టెకి కూడా ఉపవాసమా?" అన్నారు. ఆయన మీద కోపం రాలేదు గానీ, లెడ్ యాసిడ్ బ్యాటరీల గురించి చదవడం మాత్రం ఆ రాత్రే మొదలుపెట్టాను.

చక్రాల పెట్టెల్లో, తక్కువ ధర వాటిలో చాలావరకు ఉండేది సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. దాన్ని ఖాళీగా వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి, మళ్ళీ చార్జ్ పట్టదు. పచ్చలైటు వెలుగుతుంది, లోపల సత్తా ఉండదు. వాడినా వాడకపోయినా నెలకోసారి పూర్తిగా చార్జ్ చేయాలి. లిథియం బ్యాటరీ తీరు వేరు. దాన్ని నెలల తరబడి దాచాలంటే సగం చార్జ్‌తో చల్లటి చోట ఉంచాలి, ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో వదలకూడదు. ఉబ్బినట్టు కనిపిస్తే ఇక వాడొద్దు, చార్జింగూ పెట్టొద్దు. మూడో రకం మామూలు పెన్సిల్ సెల్లులతో నడిచేది. రోలాండ్ ఏసీ-33 అలాంటిదే. ఎనిమిది సెల్లులు, 4.7 కిలోల బరువు, కరెంటు మీద 30 వాట్లు, సెల్లుల మీద 20. పల్లెటూరి కిరాణా కొట్లో కూడా సెల్లులు దొరుకుతాయి గనక వనభోజనాలకి నాకు ఇదంటే ఇష్టం. కాకపోతే గోడ గడియారానికి వేసే చవక సెల్లులు వేయకండి, ఆల్కలైన్‌వి గానీ రీచార్జబుల్‌వి గానీ వేయాలి.

కంపెనీ చెప్పే గంటల్ని ఎలా చదవాలో తెలియాలి. ఫిష్‌మన్ లౌడ్‌బాక్స్ మినీ చార్జ్ అనే 60 వాట్ల పెట్టెకి మామూలు శబ్దంలో 18 గంటలు, పూర్తి శబ్దంలో 4 గంటలు అని కంపెనీయే చెబుతుంది. ఆరుబయట మనం వాడేది ఆ రెండో అంకెకి దగ్గరగానే ఉంటుంది. ఏ పెట్టె కొన్నా షాపువాణ్ణి "ఫుల్ సౌండ్‌లో ఎంతసేపు?" అని అడగండి. బ్యాటరీ మార్చుకోవడానికి ఊడి వస్తుందా, కొత్తది ఇక్కడ దొరుకుతుందా అని కూడా. విమానంలో పెళ్ళికి తీసుకెళ్ళేవాళ్ళయితే బ్యాటరీ మీద వాట్-అవర్లు (అందులో పట్టే కరెంటు ఎంతో చెప్పే అంకె) చూడండి. లిథియం అయితే 100 దాటి 160 లోపు ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు.

ఇన్‌పుట్ల దగ్గర ఎక్కువమంది పొరబడతారు. ఆ పందిట్లోనే నా గిటారు తగరం డబ్బా మీద గీరినట్టు మోగింది. బ్యాటరీ ఆగడమే నయమనిపించింది. కారణం తర్వాత తెలిసింది. గిటారులో తీగల కంపనాన్ని పట్టి కరెంటుగా మార్చే పీజో పికప్‌కి ప్రీ-ఆంప్ (ఆ బలహీనమైన సంకేతాన్ని ముందే పెంచే చిన్న సర్క్యూట్) లేకపోతే, ఆంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే ఆ సంకేతానికి అది చూపే నిరోధం, కనీసం 1 మెగా ఓమ్ ఉండాలి. లేకపోతే కింది స్వరాలు పోయి పలచని కీచు మిగులుతుంది. పాటల పెట్టెలో మైక్ కోసం పెట్టిన కన్నం గిటారుకి పనికిరాదు. జాక్ దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. అందుకే గిటారుకి ఒకటి, మైక్‌కి మూడు పిన్నులది ఒకటి, విడివిడిగా వాల్యూమ్, బాస్, ట్రెబుల్ ఉన్న పెట్టె చూడండి. షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైక్, అంటే తనకి విడిగా కరెంటు అక్కర్లేని మైక్ అయితే ఇంకేమీ అక్కర్లేదు. కండెన్సర్ మైక్ అయితే మైక్ తీగలోంచే అందే 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) కావాలి, చాలా చిన్న పెట్టెల్లో అది ఉండదు. ఒకవేళ గిటారులోనే ప్రీ-ఆంప్ ఉంటే దాని 9 వోల్టుల బ్యాటరీ సీజన్‌కి ముందే మార్చండి. జాక్ గుచ్చి ఉంచినంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది. పాట అయ్యాక జాక్ పీకేయాలి.

ఇప్పుడు నిజంగా భయపడాల్సిన సంగతి. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వే, స్టేజీ మీద మైక్ పట్టుకుని కరెంటు షాక్‌తో చనిపోయాడు. ఒక చేతిలో గిటారు తీగలు, ఎదురుగా మైక్ జాలీ. ఈ రెంటి మధ్యా వోల్టేజ్ తేడా ఉంటే దారి మన గుండె మీదుగా పోతుంది. మన పందిళ్ళలో ఎర్త్ పిన్ను విరిచేసి రెండు పిన్నుల బోర్డులో గుచ్చిన ప్లగ్గులు ఎన్ని చూశానో! తడి నేల, చెప్పులు విప్పేసిన కాళ్ళు, జనరేటర్ నుంచి వచ్చిన అతుకుల తీగ. మూతికి మైక్ తగిలి జివ్వుమంటే "చిన్న షాకేలే" అని నవ్వేస్తారు. అది హెచ్చరిక. పాట అక్కడే ఆపేయాలి.

బ్యాటరీ ఆంప్‌కి ఓటు వేయడానికి నాకున్న పెద్ద కారణం ఇదే. మైక్, గిటారు రెండూ ఒకే పెట్టెలోకి వెళ్ళి, ఆ పెట్టె గోడకి తగిలించకుండా బ్యాటరీ మీదే నడిస్తే, కరెంటుకి భూమి దాకా దారి దొరకదు. అయితే ఈ రక్షణ రెండు సందర్భాల్లో పోతుంది. చార్జర్ గుచ్చి వాయిస్తే ఒకటి. మైక్‌సెట్టు అబ్బాయి వచ్చి "అన్నా, లైన్ ఇవ్వు" అని తన మిక్సర్‌కి తీగ కలిపితే ఇంకొకటి. ఆ తీగ లోపల చుట్టూ ఉండే లోహపు అల్లిక ద్వారా వాళ్ళ కరెంటు మన చేతిదాకా వస్తుంది. అలా కలపక తప్పకపోతే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (గిటారు సంకేతాన్ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చి పంపే చిన్న డబ్బా) పెట్టండి, దాని మీద ఆ అల్లిక కలయికని తెంచే గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉంటుంది. గుయ్యిమనే హమ్ పోవాలని ఆ మీట వాడొచ్చు. అదే హమ్ కోసం ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం తీయకండి. పందిరి బోర్డుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించమని కమిటీ వాళ్ళ వెంటపడండి. పాడేముందు మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక ముల్లు మైక్ జాలీకి, ఒకటి గిటారు తీగకి ఆనించండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. పదుల్లో చూపిస్తే ఎలక్ట్రీషియన్ చూసేదాకా ముట్టుకోవద్దు. మల్టీమీటర్ లేదంటే కార్డ్‌లెస్ మైక్ వాడితే ఆ దారి తెగిపోతుంది. మనసు నిబ్బరంగా ఉంటుంది కూడా.

కూత గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పెట్టె మీ వెనక పెట్టుకుంటే మైక్‌లోకి దాని శబ్దమే తిరిగొచ్చి కూస్తుంది. పక్కన, మీకన్నా రెండడుగులు ముందు పెట్టండి. గిటారు డొల్ల పెట్టె భాగం దాదాపు 100 హెర్ట్జ్ దగ్గర తనంతట తాను మోగుతుంది, అందుకే జీ, ఏ స్వరాల మీద గుమ్మని ఊగిపోతుంది. గిటారు సౌండ్ హోల్‌కి రబ్బరు మూత, ఆంప్ మీద నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క స్వరాన్నే తగ్గించేది), ఫేజ్ మీట (శబ్ద తరంగాన్ని తిరగేసేది) ఉంటే చాలు. బాస్ తగ్గించడం ఎప్పుడూ ఉచితమే.

వానకి పెట్టె మీద పాలిథీన్ కవరు చుట్టేస్తారు, గాలి ఆడక లోపల వేడెక్కుతుంది. పైన గొడుగో టార్పాలినో కట్టి, కింద ఇటుకల మీద పెట్టండి. తడిస్తే ప్లగ్గు పీకి, పూర్తిగా ఆరేదాకా "పని చేస్తుందా" అని చూడొద్దు. స్టాండ్ వాడితే కాళ్ళ దగ్గర ఇసుక సంచి వేయాలి. బీచ్ రోడ్డు గాలికి నిలబడ్డ స్టాండ్‌ని నేను చూడలేదు.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా సడలించొచ్చు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. పందిరికి తీసుకున్న అనుమతిలో మైక్ కూడా ఉందో లేదో కమిటీని ముందే అడగండి. తీరా ఎస్సై గారు వచ్చాక అడిగితే లాభం లేదు.

కొన్న పెట్టెని పందిట్లోనే మొదటిసారి విప్పకండి. పది రోజుల ముందు డాబా మీదికి తీసుకెళ్ళి, పూర్తిగా చార్జ్ చేసి, పందిట్లో పెట్టేంత శబ్దంతో ఫోన్లోంచి పాటలు వేసి, బ్యాటరీ ఆగిపోయేదాకా వదిలేయండి. కింది ఫ్లాట్ వాళ్ళకి ముందే చెప్పండి. ఎంతసేపు నడిచిందో టేపు మీద రాసి వెనక అతికించండి. నా పెట్టె వెనక 3 గం. 40 ని. అని ఉంది. దాని అట్టపెట్టె మీద 8 గంటలు అని ఉంది.