మీ ఊరి పాత గుడి వయసు తెలుసుకోవడం ఎలా

మా విచారణ గుడికి, అంటే మా ఊరి కతోలిక సంఘం చర్చికి, జూబిలీ చేద్దామనుకున్నప్పుడు ఫాదర్ గారు ఒకే మాట అడిగారు: "అసలు ఈ గుడికి ఎన్నేళ్లు?" ఒకాయన గోడలోని రాయి చూసి ఒక సంవత్సరం చెప్పాడు. ఇంకొకాయన గంట మీద ఉన్న అంకె చెప్పాడు. ఒక పెద్దామె మాత్రం "మూడొందల ఏళ్లు, మా అవ్వ చెప్పింది" అంది. చిత్తూరు జిల్లా బడుల్లో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయినదాన్ని కాబట్టి ఆ లెక్క తేల్చే పని నాకు పెట్టారు. మూడు నెలలు పట్టింది. చివరికి చూస్తే ముగ్గురిదీ నిజమే. రాయిది ఒక వయసు, గంటది ఒక వయసు, సంఘానిది ఇంకో వయసు. మీ ఊరి గుడి చరిత్ర రాయాలంటే మొదట వీటిని విడదీయండి.

మూడొందల ఏళ్ల మాట ఒట్టి గొప్ప కాదు. 18వ శతాబ్దం మొదట్లోనే ఫ్రెంచి యేసుసభ (జెసూట్) గురువులు మా వైపు పుంగనూరులో పనిచేశారు. 1773లో పోపుగారు యేసుసభనే రద్దు చేశాక పారిస్ విదేశీ మిషన్ అనే ఇంకో ఫ్రెంచి సంస్థ గురువులు ఆ బాధ్యత అందుకున్నారు. కాబట్టి సంఘం అంత పాతది కావచ్చు. అంతమాత్రాన మీరు నిలబడి ఉన్న కట్టడానికి ఆ వయసు అంటగట్టకండి. పాత సర్కారు కాగితాలు వెతికేవాళ్లకు ఇంకో మాట. 1911 ఏప్రిల్ 1కి ముందు చిత్తూరు జిల్లానే లేదు. చిత్తూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు కింద ఉండేది, మదనపల్లె కడప కింద. ఆ పేర్లతో వెతకాలి.

ఇక కట్టడం. సాయంత్రం నాలుగింటికి వెళ్లండి. ఏటవాలు ఎండలో గోడ మీద ఉబ్బులు, పాత అతుకులు బయటపడతాయి. ముందు దిక్కు చూడండి. మన తిరుపతి వైపు హిందూ గుళ్లలో ఎక్కువగా వాకిలి తూర్పుకు ఉండి దేవుడు తూర్పు చూస్తాడు. పాత కతోలిక ఆచారం దీనికి తిరుగుడు: గురువు పూజ చేసే బల్ల, అంటే పీఠం, తూర్పున, వాకిలి పడమట. జనమే తూర్పు చూస్తారు. స్థలాన్నిబట్టి, రోడ్డునిబట్టి మార్చి కట్టినవీ చాలా ఉన్నాయి. అలా ఉంటే ఎందుకు మార్చారో అడగండి, అందులోనే సగం కథ దొరుకుతుంది.

తరవాత నేల. పీఠం ముందు బండల్లో, వరసగా, సిమెంటుతో పూడ్చిన చదరపు గుంటలు కనిపిస్తాయేమో మోకాళ్ల మీద కూచుని చూడండి. మా గుడిలో తొమ్మిది ఉన్నాయి. ఒకప్పుడు జనం మోకరించి సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకున్న అడ్డ కమ్మీ కాళ్లు అక్కడ దిగి ఉండేవి. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండో వాటికన్ మహాసభ (ప్రపంచంలోని కతోలిక బిషప్పుల సభ) తరవాత చాలా గుళ్లలో ఈ కమ్మీలు తీసేశారు. గోడకు ఆనుకుని ఉన్న పీఠాన్ని ముందుకు జరిపి, గురువు జనం వైపు తిరిగి పూజ చేసేలా మార్చారు. లాటిన్ పూజ తెలుగైంది. వెనక గోడ మీద పాత పీఠం ఆనవాలు కూడా వెతకండి.

గోడను వేలి కణుపుతో తట్టండి. పాతది గానుగ సున్నం. ఎడ్లతో రాతి చక్రం తిప్పి సున్నం, ఇసుక మెత్తగా నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి పూసేవారు. అది తేమను లోపలికి పీల్చి బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమకు దారి ఉండదు. పక్క ఊళ్లో ఒక గుడికి పండగ ముందు నున్నగా సిమెంటు పూయించారు. రెండు వానాకాలాలకే ఉప్పు పొంగి పెచ్చులు ఊడాయి, వాటితో పాటే లోపలి సున్నపు పూలపని కూడా రాలిపోయింది. ఆ ముక్కలు చేతిలో పెట్టుకుని నేను ఏడ్చాను. దయచేసి మీ గుడికి ఏ పని చేయించినా ముందు సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలవండి.

పైకప్పు పెంకులైతే ఒకటి దింపించి వెనక తిప్పి చూడండి. మంగళూరు పెంకుల మీద కంపెనీ పేరు, ఒక సంవత్సరం ఉంటాయి. బాసెల్ మిషన్ పెంకు మీద 1865 చూసి మా కమిటీవాళ్లు గుడి అప్పటిదే అని సంబరపడ్డారు. అది ఫ్యాక్టరీ మొదలైన సంవత్సరం, పెంకు కాల్చిన సంవత్సరం కాదు. ఆ పెంకు చెప్పేదల్లా, ఈ కప్పు 1865 కంటే పాతది కాదని.

శంకుస్థాపన రాయి మీద సున్నం పొరలుంటే గీకకండి. పల్చటి కాగితం పరచి పెన్సిల్ అడ్డంగా రుద్దితే అక్షరాలు లేస్తాయి. రోమన్ అంకెలుంటే ఎమ్ 1000, డి 500, సి 100, ఎల్ 50, ఎక్స్ 10. అయితే అది పని మొదలైన రోజు మాత్రమే. గంట ఇంకో గుడి నుంచి వచ్చిందైనా కావచ్చు.

అన్నిటికంటే నమ్మకమైనది జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) రిజిస్టరు. ఇది ప్రతి విచారణలో ఉండాలని 1563లోనే ట్రెంట్ మహాసభ నియమం పెట్టింది. పాతవి లాటిన్‌లో ఉంటాయి, భయపడకండి, అవే నాలుగు మాటలు: నాతుస్ అంటే పుట్టాడు, ఫీలియుస్ కొడుకు, ఫీలియా కూతురు, పాత్రీనుస్ జ్ఞానతండ్రి (గాడ్‌ఫాదర్). మా రిజిస్టరులో మా అమ్మ పేరు గోధుమరంగుకు తిరిగిన సిరాతో ఉంది. పక్క మార్జిన్‌లో, వేరే చేతిరాతతో, ఆమె పెళ్లి ఏ ఊళ్లో జరిగిందో రాశారు. ఎక్కడ పెళ్లయినా జ్ఞానస్నానం రిజిస్టరులో ఎక్కించాలన్నది నియమం. ఆ మార్జిన్లు చూస్తే మీ ఊరి ఆడపిల్లలు ఏయే ఊళ్లకు వెళ్లారో తెలిసిపోతుంది.

మా లెక్క కూడా ఆ పుస్తకంలోనే తేలింది. పాత పేజీల్లో జ్ఞానస్నానం 'కాపెల్లా'లో, అంటే చిన్న ప్రార్థన మందిరంలో, జరిగిందని రాసుంది. ఒకచోట ఉన్నట్టుండి 'ఎక్లేసియా', అంటే గుడి, అని మారింది. రాత అదే, మాటే మారింది. రాయి మీది సంవత్సరానికి నాలుగేళ్ల తరవాత! పని మధ్యలో ఆగి ఉంటుందన్న పెద్దల మాటకు అదే మొదటి సాక్ష్యం.

రిజిస్టరు చూడాలంటే విచారణ గురువు అనుమతి అడగండి, ఆఫీసులోనే కూచుని చూడండి. ఫొటోకు ఒప్పుకుంటే ఫ్లాష్ వేయకుండా, కిటికీ వెలుతురులో తీయండి. వేలు తడిచేసి పేజీ తిప్పకండి, పాత సిరా వేలికి వచ్చేస్తుంది.