రక్తంలో తిరిగే డీఎన్‌ఏ లెక్క తప్పకుండా ప్లాస్మా తీయడం ఎలా?

క్యాన్సర్ గడ్డ నుంచి రక్తంలోకి వచ్చే డీఎన్‌ఏ ముక్కలు వ్యాధి ఇతర అవయవాలకు పాకడానికి తోడ్పడతాయా? డీనేజ్-1 ఎంజైముతో వాటిని తుంచేస్తే ఆ పాకడం తగ్గుతుందా? ఎలుకల మీద ఈ ప్రయోగాలు జరిగాయి. మనుషుల రక్తంలో ఈ డీఎన్‌ఏని కొలవాలంటే మాత్రం అసలు పని డీఎన్‌ఏ తీసే కిట్ తెరవకముందే ఉంది. తెల్లకణాలు పగలకూడదు. ఆరోగ్యవంతుల ప్లాస్మాలో (రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవంలో) మి.లీ.కి కొద్ది నానోగ్రాముల డీఎన్‌ఏ మాత్రమే ఉంటుంది. వెయ్యి తెల్లకణాలు పగిలితే 6.6 నానోగ్రాములు వచ్చి కలుస్తాయి. మి.లీ. రక్తంలో తెల్లకణాలు మామూలుగా 40 లక్షలకు తక్కువ ఉండవు కాబట్టి వెయ్యి పగలడం ఎంతసేపు!

రక్తం 10 మి.లీ. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ట్యూబులో తీయండి. 8 నుంచి 10 సార్లు నెమ్మదిగా తలకిందులు చేయండి, కుదపొద్దు. గడ్డకట్టించి సీరం తీస్తే ఆలోపే కణాలు పగులుతాయి. గడ్డకట్టకుండా ఆపే మరో మందు హెపారిన్, డీఎన్‌ఏని పెంచి కొలిచే పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ఈడీటీఏ వల్ల ఇంకో మేలుంది: డీనేజ్-1కి కావాల్సిన కాల్షియం, మెగ్నీషియంలను అది పట్టేస్తుంది. లేకపోతే ఎంజైము ఇచ్చిన వారి రక్తంలో అది ట్యూబులో కూడా డీఎన్‌ఏని తుంచుతూనే ఉంటుంది, దాంతో ఆ మందు నిజంగా పనిచేసిన దానికంటే బాగా పనిచేసినట్టు కనిపిస్తుంది.

రెండు గంటల్లో సెంట్రిఫ్యూజ్‌లో పెట్టండి: 1,600 జి (భూమి ఆకర్షణకు 1,600 రెట్ల బలం), 10 నిమిషాలు, 4 డిగ్రీలు, బ్రేక్ వేయకుండా. జి కాకుండా ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) చూసి పెట్టడం తరచూ జరిగే పొరపాటు. రోటర్ వ్యాసార్ధం 16 సెం.మీ. అయితే 1,600 జి అంటే సుమారు 3,000 ఆర్‌పీఎం. రోటర్ మారితే అంకె మారుతుంది.

ఎర్రకణాల పైన తెల్లకణాల పల్చటి తెల్ల పొర కనిపిస్తుంది. దాని పైన అర సెం.మీ. ప్లాస్మా వదిలేయండి. చివరి చుక్క కోసం ఆశపడి పిపెట్ కిందికి దించితే తెల్లకణాలు పైకి వచ్చేస్తాయి. తీసిన ప్లాస్మాను కొత్త ట్యూబులో 16,000 జి దగ్గర మరో 10 నిమిషాలు తిప్పి, అడుగున కొంచెం వదిలి, 1 మి.లీ. చొప్పున పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. ఈ రెండో విడత వదిలేస్తే మిగిలిన కణాలు ఫ్రీజర్‌లో పగులుతాయి. ప్లాస్మా ఎర్రగా ఉంటే ఎర్రకణాలు పగిలినట్టు, రాసి పెట్టుకోండి.

డీఎన్‌ఏ తీశాక పరిమాణంతో పాటు ముక్కల పొడవూ చూడండి. పొడవుల గ్రాఫులో 167 బేస్ జతల (డీఎన్‌ఏ పొడవుకు కొలమానం) దగ్గర శిఖరం రావాలి. వేల బేస్ జతల దగ్గర పెద్ద మూపురం కనిపిస్తే అది ఎక్కువగా తెల్లకణాలదే. ఆ నమూనాను లెక్కలోంచి తీసేయండి.