ఆటో కోసం సగటున ఎంతసేపు? గామా ప్రయర్‌తో 95 శాతం క్రెడిబుల్ ఇంటర్వల్ కట్టే విధానం

బెంగళూరు మారతహళ్లి వంతెన దగ్గర ఖాళీ ఆటో కోసం నిలబడే నిమిషాలనే ఉదాహరణగా తీసుకుందాం. అసలు సగటు 95 శాతం సంభావ్యతతో ఏ రెండు హద్దుల మధ్య ఉంటుందో చెప్పేదే 95 శాతం క్రెడిబుల్ ఇంటర్వల్. ఖాళీ ఆటోలు వేళాపాళా లేకుండా వస్తాయి కాబట్టి ఎక్స్‌పోనెన్షియల్ నమూనా (ఇప్పటిదాకా ఎంతసేపు ఆగినా ఇక ఆగాల్సిన సమయం మారదనుకునే నమూనా) సరిపోతుంది. టైమ్‌టేబుల్ ప్రకారం నడిచే బస్సుకు ఇది పనికిరాదు.

ముందు ఒకే గంటకు చెందిన లెక్కలు రాసుకోండి. ఉదయపు రద్దీనీ మధ్యాహ్నాన్నీ కలిపితే రెండు వేర్వేరు రేట్లు ఒకటిగా కలిసిపోతాయి. మన 12 రోజుల నిమిషాలు ఇవనుకుందాం: 1, 3, 22, 5, 2, 9, 4, 14, 1, 7, 8, 2. మొత్తం 78, సగటు 6.5, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంతగా చెదిరాయో చెప్పే కొలత) 6.2. ఎక్స్‌పోనెన్షియల్ నమూనాలో సగటు, విచలనం దగ్గరగా ఉండాలి. విచలనం సగటులో సగం కూడా లేకపోతే నమూనాను అనుమానించాల్సిందే.

తర్వాత ప్రయర్, అంటే డేటా చూడకముందు మనకున్న అంచనా. నిమిషానికి ఎన్ని ఆటోలన్న రేటును లాంబ్డా అందాం. దానికి గామా అనే సంభావ్యతా పంపిణీని (3, 12) అంకెలతో ఇస్తే, ఇదివరకే 3 ఆటోల కోసం 12 నిమిషాలు ఆగినంత సమాచారం మన చేతిలో ఉన్నట్టు లెక్క. 12 రోజుల డేటాకు ఇంతకంటే బరువైన ప్రయర్ వద్దు.

ఇక కూడికే: ప్రయర్‌లోని ఆటోలకు 12 రోజుల 12 ఆటోలు కలిపితే 3+12=15, నిమిషాలకు నిమిషాలు కలిపితే 12+78=90. పోస్టీరియర్, అంటే డేటా చూశాక సవరించిన అంచనా, గామా (15, 90). దాని 2.5, 97.5 శాతం బిందువులు (లాంబ్డా వీటికి లోపు ఉండే సంభావ్యత 2.5, 97.5 శాతం) 0.093, 0.261. వీటిని తలకిందులు చేస్తే (1ని వీటితో భాగిస్తే) సగటు నిరీక్షణ 3.8 నుంచి 10.7 నిమిషాలు. తలకిందులు చేసినప్పుడు కింది హద్దు పైకి, పైది కిందికి వెళ్తాయని మరవొద్దు.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఈ బిందువులు లెక్కకట్టే ఎక్సెల్ ఫార్ములా గామా డాట్ ఇన్వ్ (GAMMA.INV) రేటును కాదు, దాన్ని తలకిందులు చేసిన స్కేల్‌ను అడుగుతుంది. 90 బదులు 1/90 ఇవ్వాలి. 90 ఇస్తే కింది హద్దు 755 దాటుతుంది, అంటే నిమిషానికి 755 ఆటోలు! గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్ (R)లో ఇదే పని చేసే క్యూగామా (qgamma)కు మాత్రం మూడో అంకెగా 90 ఇస్తే చాలు.

ఒకరోజు 20 నిమిషాలు చూసి, ఆటో దొరక్క నడిచి వెళ్లిపోయారనుకోండి. ఆ రోజును కొట్టేయకండి. సుదీర్ఘమైన నిరీక్షణలే అలా రాలిపోయి, సగటు ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది. 20ని మొత్తానికి కలపండి, ఆటోల సంఖ్యను మాత్రం పెంచకండి. అప్పుడు గామా (15, 110), హద్దులు 4.7, 13.1 నిమిషాలు.

ఈ నమూనా, ఈ ప్రయర్ ఒప్పుకుంటే, అసలు సగటు ఆ హద్దుల మధ్య ఉండే సంభావ్యత 95 శాతం. రేపటి ఆటో 13 నిమిషాల్లో వస్తుందన్న హామీ మాత్రం ఇందులో లేదు. ఒక్క ఆటోకు పట్టే సమయం అంతకంటే చాలా విస్తృతంగా మారుతుంది, దాని అంచనాకు వేరే లెక్క కట్టాలి.